గెలుపు మర్యాద

ఉప్పల్ అనగానే నేటి విద్యార్థికి క్రికెట్ మైదానం జ్ఞప్తికి వస్తుంది. నాచారం అనగానే కార్ఖానాలు, షిఫ్టు ముగించుకొని వచ్చే కార్మికులు, ప్రహరీగోడల ప్రక్కన మిగిలిన ఖాళీ జాగాలలో సాయంకాలంపూట బంతి తన్నుకొనే పిల్లలు మా కళ్ళముందు మెదలుతారు. ఈ రెండింటి నడుమనే మా నివాసం. తెలుగు పాఠాలు చెప్పుకొనే మీకు ఫుట్‌బాల్ గొడవ ఎందుకని విద్యార్థి మిత్రులు ప్రశ్నింపవచ్చు. ఆటగాని కాలిని గురించి వ్రాసే పాండిత్యం మాకు లేదు. గోలు చేసిన పిమ్మట అతడు చేసే సైగను గురించి, ఆడే మాటను గురించి వ్రాయబూనాము. మాటకూ సైగకూ అర్థం చెప్పడం భాషోపాధ్యాయుని పనియే కదా!

గత సంవత్సరం తరగతుల మధ్య జరిగిన పోటీలో ఒక విద్యార్థి గోల్‌కీపరుగా నిలిచాడు. చివరి నిమిషాలలో మెల్లగా దొర్లివచ్చిన బంతి అతని కాళ్ళ నడుమనుంచి పోయింది. గోలు చేసిన విద్యార్థి తన జట్టువైపు పరుగెత్తలేదు. గోల్‌కీపరు ఎదుటికి వచ్చి, నడుము వంచి, తన కాళ్ళ సందు చూపి నవ్వాడు. చుట్టూ నిలిచినవారు ఫోన్లలో చిత్రించారు. తెల్లవారేసరికి ఆ దృశ్యం తరగతి తరగతికీ తిరిగింది. ఆ పిల్లవాడు నాలుగు రోజులు కళాశాల మొగం చూడలేదు. అయిదవనాడు అతని తల్లి వచ్చి, “సార్, బంతి పోయినందుకు వాడు ఏడుస్తలేడు. అందరు నవ్విండ్రని ఏడుస్తుండు. సదువే బంద్ జేస్తనంటుండు” అన్నది. ఈ విషయాన్ని ఇంతకంటె సూక్ష్మంగా చెప్పిన విమర్శకుని మేము ఎరుగము.

గోలు చేసిన విద్యార్థిని పిలిచి అడిగాము. “పెద్ద పెద్ద ఆటగాళ్ళందరూ చేస్తారు కదా సార్!” అన్నాడు. అది త్రోసిపుచ్చదగిన సమాధానం కాదు. నిజమే, చేస్తారు. 2019 డిసెంబరు 6వ తేదీన మన ఉప్పల్ మైదానంలోనే చేశారు. ఆనాడు వెస్టిండీస్ జట్టు 207 పరుగులు చేయగా, విరాట్ కోహ్లీ 50 బంతులలో 94 పరుగులతో అజేయుడై నిలిచి మన జట్టును గెలిపించాడు. కెస్రిక్ విలియమ్స్ వేసిన బంతిని సిక్సరుగా కొట్టి, అరచేతిలో చిట్టాపుస్తకం ఉన్నట్లు, అందులో టిక్కు పెడుతున్నట్లు అభినయించాడు. 2017లో జమైకాలో తనను అవుట్ చేసినప్పుడు విలియమ్స్ చేసిన సైగకు అది బదులు. అప్పు తీర్చిన సైగ అన్నమాట.

అయితే ఆట ముగిసిన తరువాత ఇరువురూ నవ్వుతూ చేతులు కలిపారు. గట్టిగా ఆడాలి, ప్రత్యర్థిని గౌరవించాలి అన్న భావం కోహ్లీ నోటనే వెలువడింది. మన పిల్లలకు సిక్సరు గుర్తున్నది, సైగ గుర్తున్నది. కరచాలనం మాత్రం గుర్తులేదు. చేతినుండి చేతికి ప్రాకే వీడియో ముక్కలో కరచాలనం ఉండదు. అంతేకాదు, అక్కడ ఇద్దరూ సమఉజ్జీలు. తరగతిలో ఒంటరిగా గోలు ముందు నిలిచిన పిల్లవానికి ఎవరి చిట్టాలోనూ బాకీ లేదు.

వెటకారం ఎంత దూరం పోగలదో లోకం 2006లో బెర్లిన్‌లో చూచింది. ప్రపంచకప్పు ఫైనల్లో ఇటలీ ఆటగాడు మాతెరాజ్జీ ఆడిన మాటకు ఫ్రాన్సు నాయకుడు జిదాన్ తలతో అతని రొమ్ముపై కుమ్మాడు. ఎర్రకార్డు చూచి మైదానం వీడాడు. అదే అతని చివరి ఆట. ఇంత దూరమెందుకు? మన పలనాటి కథలో కోడిపందెం ఒక ఆటయే. ఆ పందెంలో ఓడిన పక్షం ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవలసి వచ్చింది. ఆటను ఆటతోనే ముగియనీయకపోవడం వలన చివరకు కార్యమపూడి రణరంగమైంది. ఓడినవానిని ఆట తరువాత కూడా ఓడించాలనుకోవడమే అన్ని అనర్థాలకూ మూలం.

మన నగరంలో దీనికి మందు తెలిసిన ఒక బడిపంతులు ఉండేవారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తి ఉపాధ్యాయత్వం, ప్రవృత్తి ఫుట్‌బాల్. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగవ స్థానం పొందింది. రహీమ్ సాబ్ డ్రిబ్లింగు నిషేధించి పోటీలు నడిపేవారు. బంతి అందినవాడు దానిని తన వద్దనే ఉంచుకొని విన్యాసాలు చూపరాదు, వెంటనే తోటివానికి అందించాలి. జట్టుగా ఆడడం నేర్పడానికి పెట్టిన పద్ధతి అది. కాని మాకు అందులో ఒక నీతి కూడ కనిపిస్తుంది. బంతిని పంచుకొనడం అలవాటైనవానికి గెలుపును ఒంటరిగా ప్రదర్శించుకోవాలన్న యావ తగ్గుతుంది.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్ జరిగింది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానీయకపోవడాన్ని మన ప్రతినిధి ఒకరు ప్రశ్నించడంతో అక్కడి ప్రేక్షకులు భారతజట్టుపై కినుక పూనారు. సుమారు లక్షమంది గేలి నడుమ మనవారు ఆడవలసి వచ్చింది. ఆ జట్టులో మన అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరామ్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. మొదటి ఆటలో తమను 2-0తో ఓడించిన దక్షిణ కొరియాను ఫైనల్లో 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చారు. గేలికి ఇంతకుమించిన జవాబు ఉంటుందా? మరుసటి ఏడాది జూన్‌లోనే రహీమ్ సాబ్ కన్నుమూశారు. ఆసియా క్రీడలలో ఆ స్వర్ణం మనకు మళ్ళీ దక్కలేదు.

ఇంతమాత్రాన సంతోషాన్నే నిషేధించాలని మేము అనము. గోలు చేసినవాడు గంతులు వేయకపోతే ఆటకు అందమెక్కడిది? నియమావళి కూడా సంబరాన్ని అనుమతిస్తుంది. అతి చేసినా, ఎదుటివారిని రెచ్చగొట్టినా, వెక్కిరించినా పసుపు కార్డు చూపమంటుంది. విన్యాసాలకు పుట్టిల్లైన బ్రెజిల్‌లోనే 2025లో ఒక ఆటగాడు రెండు పాదాలతో బంతిపై ఎక్కి నిలువగా మైదానంలో తగవు రేగింది. ఆ పిమ్మట అక్కడి సమాఖ్య ఆ చేష్టకు పసుపు కార్డు విధించింది. సంబరానికీ, వెటకారానికీ నడుమ గీత ఎక్కడున్నదో కనుగొనడం కష్టం కాదు. గోలు చేసినవాడు ఎవరివైపు పరుగెత్తుతున్నాడో చూడండి. తనవారివైపు పోతే అది సంబరం. ఓడినవానివైపు పోతే అది వెటకారం.

జరిగినదాన్ని చూచి, ఈ ఏడు ఫుట్‌బాల్ పోటీలే వద్దని కమిటీలోని కొందరు పెద్దలు భావిస్తున్నట్లు విన్నాము. వారి ఆవేదన మాకు తెలియనిది కాదు. కాని ఆట మానివేస్తే శిక్ష పడేది ఎవరికి? ఆ గోల్‌కీపరు తిరిగి తరగతికి వస్తున్నాడు. మైదానానికి మాత్రం ఇంకా రాలేదు. పోటీలు రద్దయితే, కాళ్ళ సందున పోయిన ఆ ఒక్క బంతియే అతని చివరి ఆటగా మిగిలిపోతుంది. అది న్యాయమా?

కనుక కమిటీవారికి మా మనవి ఇది. పోటీలు జరిపించండి. ఆటకు ముందు వెక్కిరింతకు సంబంధించిన నియమాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ చదివి వినిపించండి. రహీమ్ సాబ్ పేరిట డ్రిబ్లింగు లేని పోటీ ఒకటి పెట్టండి. ఆట ముగియగానే ఇరుజట్లూ వరుసగా నిలిచి చేతులు కలపాలని, అది అయిన తరువాతనే ఫలితం ప్రకటించాలని నియమం చేయండి. విద్యార్థులారా! ఫోనులో చిత్రించదలిస్తే ఆ కరచాలనాన్ని చిత్రించండి. నిండుకుండ తొణకదని పెద్దలు ఊరకే అనలేదు. మీ గెలుపు నిండుకుండ కావాలని మా ఆకాంక్ష.