కొండెక్కలేదు... చుట్టి వచ్చాం!

'ఆల్ప్స్‌లో పన్నెండు రోజులు నడిచాం' అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. 'అయితే మాంట్ బ్లాంక్ ఎక్కేశారా?' అని. లేదు, ఎక్కలేదు. దాని చుట్టూ తిరిగొచ్చాం. ఈ మాట వినగానే చాలామంది మొహంలో ఉత్సాహం కాస్త తగ్గుతుంది. విశాఖ వాళ్లయితే మాత్రం ఠక్కున అర్థం చేసుకుంటారు. 'ఓహో, గిరి ప్రదక్షిణన్నమాట!' అంటారు.

నిజంగా అదే. కాకపోతే సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఇది దాదాపు 170. పేరు 'టూర్ డ్యు మాంట్ బ్లాంక్'. ట్రెక్కింగ్ చేసేవాళ్లు టీఎంబీ అంటారు. సుమారు 4,806 మీటర్ల ఎత్తున్న తెల్లకొండ చుట్టూ ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా సాగి, బయల్దేరిన చోటికే తిరిగొస్తుంది. దారిలో ఎక్కే ఎత్తులన్నీ కూడితే సుమారు 10,000 మీటర్లు. అంటే ఎవరెస్టు కంటే ఎక్కువే. అంతా ఎక్కాక అంతా దిగాలి కూడా. అసలు కథ ఆ దిగడంలోనే ఉంది.

ఈ నడకలో నా తోడు మా నాన్న. వయసు 61. విశాఖ ఉక్కులో 35 ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. మొదటి నెలంతా చుట్టాల ఇళ్లూ, పెళ్లిళ్లూ అంటూ హుషారుగానే గడిచింది. తర్వాతే మొదలైంది. అలారం లేకుండానే తెల్లవారుజామున నాలుగున్నరకి మెలకువ వచ్చేస్తుంది. లేచి చేయడానికి ఏమీ ఉండదు. నేను మ్యూనిక్ నుంచి వీడియో కాల్ చేసి 'ఏం చేస్తున్నారు నాన్నా?' అంటే, 'ఏముందమ్మా చేయడానికి' అనేవారు. ఆ మాట రోజూ ఒకేలా వినిపించడం నాకు భయమేసింది. 'నాతో నడవడానికి వస్తారా?' అని అడిగా. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు వాట్సాప్‌లో ఒకే ముక్క: 'బూట్లు ఏవి కొనాలి?'

ఆ తర్వాత మూడు నెలలు కైలాసగిరి మెట్ల దారిలో ఆయన ప్రాక్టీసు. నేను ఇక్కడ మంచాలు బుక్ చేసుకుంటూ కూర్చున్నా. ఈ దారిలో కొండల మీద 'రెఫ్యూజ్'లు ఉంటాయి. అంటే నడిచేవాళ్ల కోసం కట్టిన బసలు. ఒకే హాల్లో వరసగా పడకలు, రాత్రి అందరికీ ఒకే టేబుల్ దగ్గర భోజనం, పొద్దున టిఫిను. జూలై, ఆగస్టు నెలలకైతే చాలా ముందుగానే నిండిపోతాయి. మూడు దేశాలున్నా వీసా ఒక్కటే, షెంగెన్.

బోర్డు మీద గంటలు

జూలై రెండో వారంలో షామొనీ పక్కనున్న లేజూష్ అనే ఊళ్లో మొదలుపెట్టాం. దారి తప్పడం కష్టమే, ఎక్కడికక్కడ బోర్డులున్నాయి. వాటిలో చాలావాటి మీద కిలోమీటర్ల బదులు గంటలు రాసి ఉంటాయి. కొండల్లో ఐదు కిలోమీటర్లంటే అర్థం లేదు. అది ఎక్కుడో దిగుడో తెలియాలి కదా! మొదటిరోజే నాన్న లెక్క తేల్చేశారు. బోర్డు మీద మూడు గంటలంటే మాకు నాలుగున్నర. 'మనం ఒకటిన్నర రెట్లు' అన్నారు.

ఆ రాత్రి జేబులోంచి చిన్న పుస్తకం తీసి టైమ్‌టేబుల్ రాశారు. ఆల్ప్స్‌లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములు, మెరుపులు మామూలే. కనుమ దాటాలంటే మధ్యాహ్నం లోపే దాటేయాలి. అందరూ ఎనిమిదింటికి బయల్దేరితే మేం ఆరింటికి బయల్దేరాలి. 'ఏ షిఫ్ట్' అన్నమాట! ముందురోజే చెబితే బ్రెడ్డూ, జామూ, ఫ్లాస్కులో టీ టేబుల్ మీద పెట్టి ఉంచేవారు. చీకట్లో చప్పుడు కాకుండా బ్యాగు సర్దుకోవడంలో నాన్నని మించినవాళ్లు లేరు. 35 ఏళ్ల అనుభవం మరి!

రెండో రోజే అసలు పరీక్ష. లే కోంతమీన్ నుంచి దాదాపు 1,300 మీటర్లు ఎక్కి, బోనోమ్ కనుమ దాటి, అవతలికి 900 మీటర్లు దిగాలి. పైన ఇంకా మంచు పలకలున్నాయి. ముందువాళ్ల అడుగుల్లో అడుగు వేస్తూ దాటాం. ఎక్కేటప్పుడు నాన్న ఎక్కడా తగ్గలేదు. మెల్లగా, ఒకే వేగంతో, ఆగకుండా. వయసులో ఉన్న కుర్రాళ్లు మమ్మల్ని దాటేసి వెళ్లడం, పది నిమిషాలకి రాయి మీద కూర్చుని రొప్పుతూ కనిపించడం, మేం మళ్లీ వాళ్లని దాటడం... ఇదే ఆట. దిగుడు మొదలయ్యాక ఆట మారింది. ఎక్కేటప్పుడు ఊపిరి అలసిపోతుంది, కాసేపు నిలబడితే తిరిగొస్తుంది. దిగేటప్పుడు ఒంటి బరువూ, బ్యాగు బరువూ అడుగడుగునా మోకాలి మీదే పడతాయి. అది నిలబడితే పోయే నొప్పి కాదు.

మూడో రోజు 2,516 మీటర్ల సేన్య్ కనుమ మీద ఫ్రాన్స్ అయిపోయింది. ఒక్క అడుగు వేస్తే ఇటలీ. గేటు లేదు, పోలీసు లేడు. గాలి మాత్రం మనిషిని తోసేస్తోంది. ఆ రాత్రి భోజనంలో పొలెంటా పెట్టారు. నాన్న ఒక ముద్ద తిని, 'ఇది మొక్కజొన్న సంకటే కదమ్మా!' అన్నారు. వెంట తెచ్చిన కందిపొడి కలిపాక పక్కన కూర్చున్నవాళ్లు కూడా అడిగి వేయించుకున్నారు.

కూర్మాయూర్‌లో బస్సు

నాలుగో రోజు కూర్మాయూర్ ఊళ్లోకి దిగే దారి నిట్టనిలువు. దుమ్మూ, చెట్ల వేళ్లూ. ఊళ్లోకి వచ్చేసరికి నాన్న కుడి మోకాలు వాచిపోయింది. రూములో ఐస్ పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: 'నువ్వెళ్లమ్మా. నేను బస్సెక్కి షామొనీలో ఉంటా. నా వల్ల నీ నడక పాడవుతోంది.'

బస్సు నిజంగానే ఉంది. కూర్మాయూర్ నుంచి షామొనీకి మాంట్ బ్లాంక్ కిందుగా 11.6 కిలోమీటర్ల సొరంగం ఉంది. 1965లో తెరిచారు. మేం నాలుగు రోజులు నడిచిన కొండని బస్సు గంటలోపే దాటేస్తుంది. టికెట్ కొంటే చాలు, అంతా అయిపోతుంది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అది మోకాలి నొప్పి మాట కాదు, సోఫాలో కూర్చుని చెప్పే 'ఏముందమ్మా చేయడానికి' అన్న మాటే. 'మీరు నడవగలరు' అని ఉత్తుత్తి ధైర్యం చెబితే ఆయన నమ్మరు. అందుకే ఉన్నమాటే చెప్పా. 'నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా వానలో చిక్కుకోలేదంటే మీ టైమ్‌టేబుల్ వల్లే నాన్నా. రేపటి నుంచి ఆ లెక్క ఎవరు వేస్తారు?' తర్వాత ఫోన్‌లో ఇంకో బస్సు చూపించా. ఫెరె లోయలో ఆర్నూవా దాకా వేసవిలో బస్సులు తిరుగుతాయి. మరుసటి రోజు ఇద్దరం ఆగిపోతాం. ఆ తర్వాత నేను పైదారిలో నడిచి బొనాట్టి రెఫ్యూజ్‌లో పడుకుంటా. ఆ మర్నాడు ఆయన కింది దారిలో బస్సులో వస్తే అక్కడ కలుస్తాం.

నాన్న ఫోన్ తీసుకుని బస్సు టైములు రెండుసార్లు చూశారు. తర్వాత జేబులోంచి పుస్తకం తీశారు. నేను ఇంకేం మాట్లాడలేదు.

ఆ ఒక్కరోజు ఒంటరిగా నడిచా. ఎదురుగా గ్రాండ్ జొరాస్ శిఖరాలు, కింద లోయ. ఈ దారి మొత్తంలో అందమైన రోజుల్లో అదొకటి. మర్నాడు ఆర్నూవా చేరేసరికి నాన్న మోకాలికి పట్టీ కట్టుకుని, రెండు అరటిపళ్లతో బస్టాప్‌లో కూర్చున్నారు. 2,537 మీటర్ల గ్రాండ్ కోల్ ఫెరె ఇద్దరం కలిసే ఎక్కాం. అవతల స్విట్జర్లాండ్.

మంచు దాచిన పేపర్లు

స్విట్జర్లాండ్ మూడు రోజులూ ఆవుల మెడగంటలు వింటూ గడిచాయి. మళ్లీ ఫ్రాన్స్‌లోకి వచ్చాక ఒకచోట కొండకి ఇనుప నిచ్చెనలు బిగించి ఉంటాయి. వాటిని తప్పించే వేరే దారి కూడా ఉంది, మేం అదే పట్టుకున్నాం. చివరి రోజు బ్రెవాన్ శిఖరం, 2,525 మీటర్లు. లోయకి అవతల, సరిగ్గా ఎదురుగా మాంట్ బ్లాంక్. దాని మీద నుంచి నాలుకలా జారుతున్న బోసోన్ హిమానీనదం.

అక్కడ నాన్న చాలాసేపు నిలబడిపోయారు. 1966 జనవరి 24న ఎయిరిండియా 'కాంచనజంగ' విమానం ఈ కొండమీదే కూలింది. 117 మందీ చనిపోయారు. వాళ్లలో మన అణుశాస్త్రవేత్త హోమీ భాభా ఒకరు. 1950లో 'మలబార్ ప్రిన్సెస్' కూలి 48 మంది పోయిందీ ఇక్కడే. ఆ శకలాలు మంచుతోపాటు ఏటా కొంచెం కొంచెం కిందికి జారుతూ బయటపడుతూనే ఉన్నాయి. 2020లో ఇందిరాగాంధీ ప్రధాని అవుతున్న వార్తతో ఉన్న 1966 నాటి భారతీయ పత్రికలు దొరికాయి. యాభై నాలుగేళ్ల తర్వాత! 'మంచు కూడా దిగడానికి ఇంత టైమ్ తీసుకుంటుందన్నమాట' అన్నారు నాన్న.

అక్కణ్నుంచి లేజూష్‌కి ఒకే బిగిన 1,500 మీటర్ల దిగుడు. బ్రెవాన్ నుంచి షామొనీకి కేబుల్ కార్ ఉంది. 'నువ్వు నడిచి రా అమ్మా, నేను కేబుల్ కార్‌లో దిగి అక్కడికి వచ్చేస్తా' అన్నారు. కూర్మాయూర్‌లో అన్నదీ ఇంచుమించు ఈ మాటే. కానీ ఈసారి గొంతులో బరువు లేదు. 'నాలుగున్నర గంటలు పడుతుంది నీకు, నీళ్లు చూసుకో' అని పుస్తకంలో రాసుకుని మరీ వెళ్లారు.

మీరూ వెళ్లాలనుకుంటే జూన్ చివరి నుంచి సెప్టెంబరు మధ్యలోపు చూసుకోండి. జూన్‌లో కనుమల మీద మంచు ఎక్కువ. శాకాహారులైతే బుక్ చేసేటప్పుడే చెప్పండి. రెండు చేతికర్రలు తప్పనిసరి. ప్రతి రెండు మూడు రోజులకీ ఒక ఊరు, ఒక బస్సు తగులుతాయి కాబట్టి, పెద్దవాళ్లని తీసుకెళ్లడానికి భయపడొద్దు. ఇక ప్రాక్టీసు విషయంలో మాత్రం నాన్న సలహానే చెబుతా. ఆయన ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ చెబుతున్నది అదే: 'పైకి లిఫ్టులో వెళ్లండి, పర్లేదు. కిందికి మాత్రం మెట్ల మీద దిగండి.'