ఒక వ్యాను... ఇద్దరు పోస్ట్‌మ్యాన్లు

లండన్‌కు ఎరుపంటే మహా ఇష్టం. బస్సు ఎరుపు, టెలిఫోన్ బూత్ ఎరుపు, పోస్టు డబ్బా ఎరుపు. వాటి మధ్య పొద్దున్నే బయల్దేరే తపాలా వ్యానూ ఎరుపే. చూడ్డానికి వచ్చినవాళ్లు బస్సు ముందు, బూత్ పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. వ్యానును మాత్రం ఎవరూ పట్టించుకోరు. కానీ బ్రిటన్ తపాలా పదిహేనేళ్లుగా ఎంత మారిందో తెలియాలంటే ఆ వ్యాను ముందు సీట్లవైపే చూడాలి. అందులో ఒకరు కూర్చోవాలా, ఇద్దరు కూర్చోవాలా? వినడానికి చిన్న ప్రశ్నే. అక్కడి పోస్ట్‌మ్యాన్లకు మాత్రం అది నడుముకీ, ఆరోగ్యానికీ, ఇంటికి చేరే వేళకీ సంబంధించిన ప్రశ్న.

చెత్తగుట్ట మీద ఉత్తరాల కోట

ఈ కథ తెలుసుకోవాలంటే క్లర్కెన్‌వెల్ వెళ్లాలి. ఫారింగ్‌డన్ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే మౌంట్ ప్లెజెంట్ వస్తుంది. అంటే ఆహ్లాదకరమైన గుట్ట అని. నిజానికి ఒకప్పుడు ఊళ్లోని చెత్తంతా తెచ్చి పోసిన చోటది. జనం వెటకారంగా పెట్టిన పేరే చివరికి స్థిరపడిపోయింది. ఆ తర్వాత అక్కడ కోల్డ్‌బాత్ ఫీల్డ్స్ జైలు ఉండేది. 19వ శతాబ్దం చివర్లో జైలు పోయి తపాలా శాఖ వచ్చింది. ఖైదీలు తిరిగిన నేల మీద ఉత్తరాల మూటలు పడ్డాయి. లండన్‌లోని పెద్ద సార్టింగ్ కేంద్రాల్లో ఒకటిగా దానికి పేరొచ్చింది.

పైన రోడ్ల రద్దీ తప్పించుకోవడానికి అప్పట్లో నేల కింద ఓ రైలే వేశారు. పాడింగ్టన్ నుంచి వైట్‌చాపెల్ దాకా ఆరున్నర మైళ్లు. మనుషులు ఎక్కని రైలు, డ్రైవరు లేని రైలు. 1927 నుంచి 2003 వరకు అది ఉత్తరాల సంచులను మోసింది. 2017లో ఆ పక్కనే పోస్టల్ మ్యూజియం తెరిచాక ఈ సొరంగంలో కొంత దూరం సందర్శకులను తిప్పుతున్నారు. పావుగంట ప్రయాణం. చిన్న పెట్టెల్లాంటి బోగీల్లో కాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. పిల్లలకు భలే సరదా.

తపాలా మోసిన బళ్ల చరిత్ర కూడా సరదాగానే ఉంటుంది. 1784లో బ్రిస్టల్ నుంచి లండన్‌కు తొలి మెయిల్ కోచ్ పరుగు తీసింది. 1880లో సైకిల్ వచ్చింది. 1882లో హార్షం అనే ఊళ్లో ఐదు చక్రాల సైకిలొకటి పరీక్షించి చూశారు. మధ్యలో పెద్ద చక్రం, చుట్టూ నాలుగు చిన్న చక్రాలు. జనం దాన్ని చూసి 'కోడీ పిల్లలూ' అని పేరు పెట్టారు. అది నిలవలేదు. మామూలు సైకిల్ మాత్రం నూట ముప్పై ఏళ్లు పోస్ట్‌మ్యాన్ వెంట నడిచింది.

సైకిల్ దిగి... వ్యాన్ ఎక్కి

మన దగ్గర పోస్ట్‌మ్యాన్ తిరిగే వీధులను 'బీట్' అంటాం. బ్రిటన్‌లో దాన్ని 'వాక్' అంటారు. నడక అన్నమాట. ఆ మాటలోనే ఉద్యోగం మొత్తం ఉంది. గేటు తీయడం, మెట్లెక్కడం, తలుపుకున్న సందులోంచి ఉత్తరం లోపలికి జారవిడవడం, మళ్లీ గేటు వేయడం. పక్కిల్లు. ఆ పక్కిల్లు. వాన పడినా, మంచు పడినా అంతే. చలికాలంలోనూ నిక్కర్లు వేసుకుని తిరిగే పోస్ట్‌మ్యాన్లు అక్కడ మామూలే. తడిసిన ప్యాంటు ఆరదు, తడిసిన కాళ్లు తొందరగా ఆరతాయన్నది వాళ్ల లెక్క.

2010లో సైకిళ్లకు మెల్లగా సెలవిస్తామని రాయల్ మెయిల్ ప్రకటించింది. కారణం ఉత్తరాల సంచిలోనే ఉంది. 2004-05లో బ్రిటన్‌లో ఏడాదికి 2,000 కోట్ల ఉత్తరాలు బట్వాడా అయ్యేవి. 2023-24 నాటికి అవి 670 కోట్లకు పడిపోయాయి. ఉత్తరం తగ్గింది, పార్సిల్ పెరిగింది. ఇంటర్నెట్‌లో కొన్న బూట్లూ, బట్టలూ, పిల్లల బొమ్మలూ సైకిల్ సంచిలో పట్టవు. దాంతో ఇద్దరు పోస్ట్‌మ్యాన్లకు కలిపి ఒక వ్యాను అనే పద్ధతి ఊరూరా పాకింది. దాని పేరు 'పార్క్ అండ్ లూప్'.

అది ఇలా సాగుతుంది. పొద్దున్నే ఆఫీసులో ఎవరి ఉత్తరాలు వాళ్లు వీధి వరుసలో సర్దుకుంటారు. ఇద్దరి సరుకూ ఒకే వ్యానులో ఎక్కిస్తారు. ఒకరు నడుపుతారు. ఓ వీధి మొదట్లో బండి ఆపి, చెరో సంచీ తీసుకుని చెరో వైపు వెళతారు. ఆ చుట్టు ముగించుకుని మళ్లీ వ్యాను దగ్గరికి వస్తారు. బండి ఇంకో వీధికి కదులుతుంది. మళ్లీ సంచులు, మళ్లీ చుట్టు. రోజంతా ఇదే వరస.

ఇందులో మంచి లేకపోలేదు. భుజం మీది సంచి 16 కిలోలు దాటకూడదన్నది అక్కడి నియమం. వ్యాను దగ్గరుంటే అంత బరువు ఒకేసారి మోయక్కర్లేదు. వాన జోరందుకుంటే తలదాచుకోవచ్చు. కుక్క వెంటపడితే సాయానికి ఇంకో మనిషి ఉంటాడు. మధ్యాహ్నం రొట్టె తింటూ నాలుగు మాటలు చెప్పుకోవచ్చు.

జోడీ కుదరకపోతే..?

చిక్కంతా జోడీతోనే. ఇద్దరి నడకా ఒకటి కాదు. పాతికేళ్ల కుర్రాడు గంటలో ముగించే చుట్టు, మోకాళ్లు అరిగిన యాభై ఐదేళ్ల మనిషికి గంటన్నర పడుతుంది. కుర్రాడు వ్యాను దగ్గర చలిలో చేతులు నలుపుకుంటూ నిలబడాలి. పెద్దాయనేమో తన వల్లే ఆలస్యమవుతోందని భోజనం మానేసి మరీ పరుగెత్తాలి. దున్న నీడకు, ఎద్దు ఎండకు లాగితే బండి ఎలా నడుస్తుంది?

మిగతా బాధలూ ఉంటాయి. ఒకరి వీధుల్లో పార్సిళ్లు ఎక్కువైతే రెండోవారి సరుక్కి వ్యానులో చోటుండదు. జోడీ సెలవు పెడితే వచ్చే కొత్త మనిషికి ఏ గేటు వెనక కుక్క ఉందో, ఏ ఫ్లాటుకు ఏ తలుపో తెలియదు. బడి వదిలే వేళకు పిల్లల్ని తెచ్చుకోవాల్సిన తల్లికి పక్కవాళ్ల ఆలస్యం తన ఆలస్యమే. బాత్‌రూమ్‌కు వెళ్లాలన్నా వ్యాను అవసరమైనప్పుడు రెండోవాళ్లు చుట్టు ముగించుకొచ్చేదాకా ఆగాల్సిందే. ఇవేవీ పెద్ద పెద్ద అక్షరాల్లో వార్తలు కావు. కానీ ఏడాదికి మూడొందల రోజులు పడితే ఇవే పెద్దవవుతాయి.

ముందు సీట్లో ముప్పు

2020 మార్చిలో ఈ చిన్న బాధలన్నీ పక్కకు తప్పుకున్నాయి. కరోనా వచ్చింది. రెండు మీటర్ల దూరం పాటించమని ప్రభుత్వం చెప్పింది. వ్యానులో రెండు సీట్ల మధ్య దూరం మూరెడు కూడా ఉండదు. దేశమంతా ఇంట్లో కూర్చుంటే పోస్ట్‌మ్యాన్ రోజూ వందల గుమ్మాలు ఎక్కుతున్నాడు. పైగా పక్కన ఇంకొకరి ఊపిరి. ఇంట్లో ఆస్తమా ఉన్న భార్యో, ముసలి తల్లో ఉన్నవాళ్ల భయం చెప్పనలవి కాదు. కొన్ని ఆఫీసుల్లో సిబ్బంది పని ఆపేసి బయటికొచ్చారు. వాళ్ల యూనియన్ సీడబ్ల్యూయూ గట్టిగా పట్టుబట్టింది.

చివరికి ఒక వ్యానులో ఒకసారి ఒక్కరే ఉండాలని నియమం పెట్టారు. అయితే వ్యాన్లేమో ఇద్దరికొకటి లెక్కన ఉన్నాయి. అదనపు బండ్లు అద్దెకు తేవాల్సి వచ్చింది. సిబ్బందిలో ఎందరో జబ్బుపడ్డారు, ఎందరో ఇంట్లో ఉండిపోయారు. ఆ ఏడాది మే నెల ఆరంభం నుంచి కొన్ని వారాలు శనివారం ఉత్తరాల బట్వాడా నిలిపేశారు. మరోవైపు ఇల్లు కదలని జనం ఆర్డర్లతో పార్సిళ్లు క్రిస్మస్‌ను తలపించాయి.

ఆంక్షలు సడలుతుంటే మళ్లీ ఇద్దరి మాట వచ్చింది. అద్దాలు దించే ఉంచాలా? చలికాలంలో ఎలా? రోజూ ఒకే జోడీయా, మారుతుందా? పక్కవాళ్లు దగ్గితే బండి ఎక్కనని చెప్పే హక్కుందా? ఆఫీసు కాగితం మీద 'వాహన వినియోగం' అనే ఒక్క మాట వెనక ఇన్ని ప్రశ్నలున్నాయి.

తగ్గిన ఉత్తరం... పెరిగిన నడక

ఆ తర్వాత కూడా తపాలాకు నెమ్మది లేదు. 2013లోనే ప్రైవేటుపరమైన రాయల్ మెయిల్‌లో 2022లో పద్దెనిమిది రోజుల సమ్మె జరిగింది. చేతిలోని మిషన్‌తో పోస్ట్‌మ్యాన్ ఎక్కడ ఎంతసేపు ఆగాడో లెక్క చూస్తున్నారా అని 2023లో పార్లమెంటు సభ్యులే సంస్థ పెద్దలను నిలదీశారు. 2025లో సంస్థ చెక్ వ్యాపారవేత్త డేనియల్ క్రెటిన్‌స్కీ చేతికి వెళ్లింది. ఆ ఏడాది జూలై 28 నుంచి రెండో తరగతి ఉత్తరాలను శనివారాలు మానేసి, మిగతా పని దినాల్లో రోజు విడిచి రోజు అందించేందుకు అనుమతి దొరికింది. ఉత్తరాలు వేళకు అందడం లేదని నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2025 అక్టోబరులో 2.1 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. ఇప్పుడు వేల సంఖ్యలో ఎలక్ట్రిక్ వ్యాన్లు చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. పొగ పోయింది. జోడీ తిప్పలు మాత్రం బండి మారినంత మాత్రాన పోవు.

మన పోస్ట్‌మ్యాన్ ఒంటరివాడే

1840లో రోలండ్ హిల్ ఆలోచనతో బ్రిటన్‌లో పెన్నీ పోస్టు మొదలైంది. దూరం ఎంతైనా బరువును బట్టి ఒకటే రేటు. పద్నాలుగేళ్ల తర్వాత, 1854లో ఆ పద్ధతే మన దేశానికీ వచ్చింది. పద్ధతి ఒకటే అయినా దారులు వేరయ్యాయి. మన నగరాల్లోనూ ఎర్ర వ్యాన్లున్నాయి. అవి ఆఫీసు నుంచి ఆఫీసుకు సంచులు మోస్తాయి. గుమ్మం దాకా వచ్చేది మాత్రం సైకిలో, మోటార్ సైకిలో, లేదా కాళ్లే. దేశంలోని లక్షన్నరకు పైగా పోస్టాఫీసుల్లో అత్యధికం పల్లెల్లోనే. అక్కడ గ్రామీణ డాక్ సేవక్ ఒక్కరే ఊళ్లు తిరగాలి. మన దగ్గర వ్యాను పంచుకునే తంటా లేదు. పంచుకోవడానికి వ్యానే లేదు మరి!

మన ఇళ్లలో ఎందరో పిల్లలు చదువుకనో, ఉద్యోగమనో బ్రిటన్‌లో ఉంటున్నారు. బ్యాంకు కార్డు, ఆస్పత్రి అపాయింట్‌మెంటు, అమ్మ పంపిన పచ్చడి పార్సిలు... వీటి కోసం వాళ్లు గుమ్మంవైపు చూస్తుంటారు. చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలు ఏదో ఓ పొద్దున కిటికీలోంచి చూస్తే, వీధి మలుపులో ఆగిన ఎర్ర వ్యాను కనబడుతుంది. ఆ వీధిలో ఈ వైపొకరు, ఆ వైపొకరు ఇల్లిల్లూ తడుముకుంటూ వస్తుంటారు. ముందుగా చుట్టు ముగించిన మనిషి వ్యానుకు ఆనుకుని, ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటూ, రెండో మనిషి వచ్చేవైపే చూస్తుంటాడు.