నాన్నకి అంగుళాల లెక్క

బరంపురంలో పుట్టినవాళ్లకి తుపాను కొత్త కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ మధ్యాహ్నం నేను అమెరికా నుంచి ఫోన్ చేస్తే నాన్న, "ఏం లేదురా, కాస్త గాలి, అంతే" అన్నారు. తర్వాత మూడు రోజులు ఫోన్లు కలవలేదు. మా పెంకుటింటి కప్పు సగం ఎగిరిపోయిందనీ, అమ్మా నాన్నా ఆ రాత్రంతా ఎదురింటి డాబాలో కూర్చుని గడిపారనీ ఆనక పిన్ని చెబితే తెలిసింది.

మరుసటి ఏడాది నవంబరు 18. మేం బఫెలోకి ఉత్తరాన ఏమ్‌హర్స్ట్‌లో ఉండేవాళ్లం. మంచులో కూరుకుపోయిన కార్లని టీవీలో చూసి నాన్న ఫోన్ చేశారు. మా కిటికీ బయట ఎండ కాస్తోంది. దక్షిణాన మాత్రం ఆకాశం దాకా తెల్లటి గోడ నిలబడి ఉంది. కారులో అరగంట దూరంలో ఉన్న లాకవానా, వెస్ట్ సెనెకాల్లో అయిదడుగులకి పైగా పడింది.

"నాన్నా, ఇక్కడ ఎండ" అన్నాను.

కాసేపు మాట లేదు. "నేనూ నీకు అలాగే చెప్పేనురా" అన్నారు.

నిజం చెప్పినా నమ్మలేదు. అప్పుడు వివరంగా చెప్పాల్సొచ్చింది. నవంబరులో ఈరీ సరస్సు నీళ్లింకా చల్లబడవు. వాటి మీంచి గడ్డకట్టే గాలి పొడుగునా వీస్తే, ఆవిరిని ఎత్తుకుని సన్నటి మేఘాల పట్టీగా మారుతుంది. ఆ పట్టీ కిందున్న ఊళ్లోనే కుమ్మరిస్తుంది. గాలి తిరిగితే పట్టీ పక్క ఊరికి జరుగుతుంది. దీన్నే లేక్ ఎఫెక్ట్ స్నో అంటారు.

"అంటే మంచు కూడా వీధి చూసుకుని పడతాదన్నమాట" అన్నారు నాన్న.

రెండేళ్ల తర్వాత ఉద్యోగం సిరక్యూస్‌కి మారింది. అక్కడి మంచు తీరే వేరు. ఈరీ లోతు తక్కువ. చలి ముదిరితే చాలా ఏళ్లు పైన గడ్డ కట్టేస్తుంది, దాంతో ఆవిరీ తగ్గిపోతుంది. ఒంటారియో బాగా లోతు. మొత్తం గడ్డకట్టడం అరుదు. అందుకే సిరక్యూస్‌లో మార్చి దాకా రోజూ కొంచెం కొంచెంగా పడుతూనే ఉంటుంది, సగటున ఏడాదికి పదడుగులు. బఫెలోలో పెద్ద దెబ్బ కోసం సిద్ధపడేవాళ్లం, ఇక్కడ ఓపిక కావాలి. పొద్దున్నే పార పట్టి ఇంటి ముందు దారి చేసుకుంటే, మునిసిపాలిటీ బండి వచ్చి రోడ్డు మీది మంచంతా మళ్లీ మన గుమ్మం దగ్గరికే తోసిపోతుంది.

అలా తోడుతూ ఒక జనవరిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. నాన్నకి "ఏం లేదు, కాస్త మంచు, అంతే" అని చెప్పాను. మా ఆవిడ అమ్మకి చెప్పేసింది.

ఆ రాత్రి నాన్న కోప్పడలేదు. "ఒరే, ఇకమీదట అంగుళాల్లో చెప్పు. నేను నా బీపీ చెప్తాను" అన్నారు.

అప్పట్నించీ అదే ఒప్పందం. నిన్న కూడా ఫోన్ ఎత్తగానే, "తొమ్మిది అంగుళాలు నాన్నా" అన్నాను.

"నూట నలభై, ఎనభై ఎనిమిది" అన్నారాయన. ఆ తర్వాతే మిగతా కబుర్లు.