మావయ్యగారి గడ్డం బ్రష్షు

మా మావయ్యగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. కుడిచెయ్యి వణుకుతుంది. అయినా గడ్డం మాత్రం ఇంకొకరి చేత గీయించుకోరు. "ఆ ఒక్క పనైనా నన్ను చేసుకోనివ్వమ్మా" అంటారు. ఆయన పాత బ్రష్షు కుచ్చు ఊడిపోవడంతో కొత్తది వెతికే పని నా మీద పడింది.

బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతో చేసిన బ్రష్షు నీళ్లు బాగా పట్టి ఉంచుతుంది. అందుకే నురగ చిక్కగా వస్తుంది, ముదిరిన చర్మానికి మెత్తగా ఉంటుంది. అందులో సిల్వర్‌టిప్ అన్నది మేలు రకం, ఖరీదూ అంతే. ప్యూర్ అన్నది చవక, కాస్త గరుకు. మధ్యలో బెస్ట్ అని ఒకటి. అయితే ఈ పేర్లకి అందరికీ ఒకే కొలత లేదు, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. అందుకే నేను పేరు పక్కనపెట్టి కుచ్చు చూశాను. వేళ్లతో నొక్కితే నిండుగా తగలాలి, వదిలితే మళ్లీ నిలబడాలి. మొదట్లో నాలుగు వెంట్రుకలు రాలితే కంగారు పడక్కర్లేదు. రోజూ రాలితేనే అనుమానించాలి.

మాకు కుచ్చు కన్నా పిడి ముఖ్యం. సన్నటి పిడి వణికే చేతిలో నిలవదు. అందుకని సిల్వర్‌టిప్ ఆశ వదిలేసి, లావు పిడి ఉన్న ప్యూర్ రకమే తీసుకున్నాను.

మరిగే నీళ్లలో ముంచకూడదు. వాడాక కడిగి, విదిలించి, గాలి తగిలేచోట ఆరనివ్వాలి, తడిగా డబ్బాలో పెట్టకూడదు. ఆ పనీ మావయ్యగారిదే. నేను ముట్టుకోను.