రెండో గేరు

మా ఇంట్లో ఓ పాత మారుతి ఎస్టీమ్ ఉంది. నాన్న షార్‌లో టర్నర్‌గా పనిచేసే రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఇప్పుడు రిటైరై సూళ్లూరుపేటలో ఉంటున్నా, ఆదివారం పొద్దున్నే ఆ కారు తీస్తాడు. పులికాట్ సరస్సు మధ్యగా శ్రీహరికోట పోయే రోడ్డు మీద అటకానితిప్ప దాకా వెళ్లి, కాసేపు నీళ్లవంక చూసి వస్తాడు. చలికాలమైతే ఫ్లెమింగోలు ఉంటాయి. అవి లేని రోజుల్లోనూ వెళ్తాడు. ఎందుకు నాన్నా అంటే, "ఇన్నేళ్లూ డ్యూటీ బస్సులో కూర్చోని పోయిన రోడ్డు అబ్బయా. ఇప్పుడు నా చేత్తో నేను నడుపుకుంటా పోతున్నా" అంటాడు.

నాకు కార్ల పిచ్చి. చెన్నైలో ఉద్యోగంలో చేరాక అది ముదిరింది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది కదా, వీలైన వారాంతమల్లా అక్కడే ఉండేవాణ్ని. అక్కడ రేసు కోసం తయారుచేసిన కార్లలో నన్ను పట్టేసింది ఇంజను కాదు, గేరు రాడ్డు. స్టీరింగ్ పక్కకి ఎత్తుగా వచ్చి ఉంటుంది. చెయ్యి తీసి గేరు మార్చి మళ్లీ స్టీరింగ్ మీద పెట్టేలోపు కన్ను ఆర్పలేం. (2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది, గుర్తుందా? ఆ కరెంటు కార్లలో గేరు మార్చే పనే లేదు. నాకు ఉప్పు లేని పప్పులా అనిపించింది.)

మన ఎస్టీమ్‌కీ అలాంటిది పెడదామని ఓ 'షార్ట్ షిఫ్టర్' కొన్నా. దాని సూత్రం తొమ్మిదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. గేరు రాడ్డు ఒక గుండు మీద ఊగే తులాదండం. మాట వరసకి, గుండుకి పైన 28 సెంటీమీటర్లు, కింద 7 ఉందనుకోండి. కింది కొన రెండున్నర సెంటీమీటర్లు కదలాలంటే పైన మన చెయ్యి పది కదలాలి. గుండుని పైకి జరిపి, కింది భాగం పొడుగు చేస్తే చెయ్యి ఆరున్నర కదిలితే చాలు. అంతే, మ్యాజిక్ ఏమీ లేదు.

కొన్న స్పేసరు మా కారుకి సరిపోలేదు. నాన్నే ఊళ్లో తెలిసినవాళ్ల లేత్ మిషన్ దగ్గరకి తీసుకెళ్లి, పక్కన నిలబడి కొత్తది తిప్పించాడు. దారిలో చెప్పాడు, కుర్రతనంలో స్నేహితులతో షోలవరం వెళ్లి రేసులు చూశాడట. మా ఊరి నుంచి చెన్నై పోయే దారిలోనే, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద జరిగేవవి. ఇన్నేళ్లలో ఆ సంగతి ఎప్పుడూ అనలేదు! నాకు ఎంత సంబరమయిందో. స్పేసరు చేతికొచ్చాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్క మాట అడిగాడు.

"దీన్ని ఎక్కువ నడిపేది ఎవురబ్బయా?"

"ఇద్దరం" అన్నా.

ఆ సాయంత్రం సరస్సు రోడ్డు మీద నేనే నడిపా. టక్, టక్ అని పడుతుంటే ఏదో సాధించినట్టు ఉంది. నిజానికి గేర్‌బాక్స్ ఏమీ వేగంగా మారలేదు. లోపల సింక్రోనైజర్ రింగులు రాసుకుంటూ రెండు వేగాల్నీ కలపడానికి ఎంతసేపు కావాలో అంతసేపూ పడుతుంది. రేసు గేర్‌బాక్సుల్లో చాలావాటికి ఆ రింగులే ఉండవు కాబట్టి అక్కడ ఆ రాడ్డుకి అర్థం ఉంది. మన కారులో తొందరపడితే కర్రుమని తిడుతుంది. ఇదంతా తెలిసే మురిసిపోయా.

రెండు నెలల తర్వాత ఇంటికొస్తే కారు మీద దుమ్ము. ఆదివారం పొద్దున నాన్న పేపరు చదువుకుంటున్నాడు.

"అటకానితిప్ప పోలేదా?"

"ఎండగా ఉందిలే."

వంటింట్లోకి వెళ్తే అమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "నువ్వు ఆ రాడ్డు పెట్టిపోయినాక నాలుగుసార్లు తీశాడు. తర్వాత తీయలేదు. మందులకి కూడా ఆటోలోనే పోతున్నాడు. నీతో చెప్పొద్దన్నాడు."

నాన్నకి ఎడం భుజం పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డర్, షుగరున్నవాళ్లకి ఎక్కువగా వచ్చేదే. నాకు తెలియక కాదు. ఫోన్లో అమ్మ చెప్పినప్పుడు ఎక్సర్‌సైజులు చేయమను అని చెప్పి, మీటింగులోకి వెళ్లిపోయా. మన కార్లలో గేరు మార్చేది ఎడం చేత్తోనే. అందులోనూ ఎస్టీమ్‌లో మొదటి రెండు గేర్లూ డ్రైవరుకి దూరంగా ఎడమ చివర ఉంటాయి. రెండోదానికి అక్కణ్నుంచి వెనక్కి లాగాలి.

బలవంతంగా కారెక్కించి పక్కన కూర్చున్నా. మొదటి గేరులో వీధి చివరి దాకా వచ్చాడు. రెండోదానికి లాగబోయి ఆగాడు. కుడిచెయ్యి స్టీరింగ్ వదిలి ఎడంచేతికి సాయం వచ్చింది. ఆ క్షణంలో స్టీరింగ్ మీద ఏ చెయ్యీ లేదు. నేను పట్టుకున్నా. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

చెయ్యి కదిలే దూరం పదికి ఆరున్నర అయితే, పెట్టాల్సిన బలం ఒకటిన్నర రెట్లవుతుంది. నాలుగు కిలోల బరువుతో పడేది ఆరు అడుగుతుంది. ఈ లెక్కలో సగం వేసి, నాకు నచ్చిన సగం దగ్గర ఆపేశా. ఇంజినీరింగ్ చదివినవాణ్ని నేను. పదో తరగతి తర్వాత ఐటీఐ చేసిన ఆయనకి స్పేసరు చేతిలో పట్టుకోగానే తెలిసిపోయింది. "ఎవురు నడిపేది" అని అడిగింది అందుకే. నేను "ఇద్దరం" అన్నాక ఆయన ఇంకేం చెప్తాడు?

ఆ రోజే కారు కింద పడుకుని పాతది బిగించా. అరిగిపోయిన బుష్షులు మాత్రం కొత్తవి వేశా. నాన్న టార్చి పట్టుకుని కూర్చున్నాడు, కుడిచేత్తో.

"పీకేస్తున్నావా? బాగుండింది కదరా చూడ్డానికి" అన్నాడు.

"చూడ్డానికే బాగుంది నాన్నా."

మర్నాడు తెల్లారి అటకానితిప్ప దాకా ఆయనే నడిపాడు. రెండో గేరు దగ్గర మొహం కొంచెం బిగిసింది గానీ పడింది. "బుష్షులు మార్చి మంచిపని చేసినావు, వెన్నలా ఉంది" అన్నాడు. నీళ్లు బాగా వెనక్కి పోయి ఉన్నాయి, దూరంగా ఎవరో వల సర్దుకుంటున్నారు. చాలాసేపు నిలబడ్డాం. ఫిజియోథెరపీకి నాయుడుపేట పోదామా, నెల్లూరా అని మాట్లాడుకున్నాం.

తిరుగు ప్రయాణంలో నేను నడిపా. మూడోది వేసి క్లచ్ వదిలితే ఇంజను ఊరికే గోల పెట్టింది. రెండు నెలల కిందటి అలవాటు ఇంకా పోలేదు, చెయ్యి సగం దూరంలోనే ఆగిపోతోంది.

"పడలా అబ్బయా" అన్నాడు నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూనే. "ఇంకా తొయ్యి."