ఇరువదినాలుగు అగ్గిపెట్టెలు

క్రిస్మసునకు ముందటి ఆగమన దినములను ఇంట లెక్కించు అలవాటు 19వ శతాబ్దమున జర్మనీ లూథరన్ గృహములలో పుట్టినది. తలుపుపై 24 సుద్దగీతలు గీసి, పిల్లలచే దినమున కొకటి చెరిపించెడివారు. చిన్న తలుపులుగల అచ్చు పటములు తరువాత వచ్చినవి.

1842లో గుంటూరున ఆరంభమైన లూథరన్ మిషను సంఘమునకు మా పూర్వులు చెందినవారు. మేము చెన్నపట్టణము చేరి మూడు తరములైనది. నా మనుమరాలికి తెలుగు మాట వచ్చును, అక్షరము రాదు. ఒత్తులు లేని అక్షరములను మాత్రము నేను కొంత దిద్దించితిని.

గత డిసెంబరులో 24 ఖాళీ అగ్గిపెట్టెలను పాత అట్టపై మైదా జిగురుతో అంటించి, అంకెలు వేసితిని. ఒక్కొక్క సొరుగులో ఒక పిప్పరమెంటు బిళ్ల, ఒక తెలుగు మాట వ్రాసిన చీటీ. చదివిననే బిళ్ల! మొదటినాటి ‘ఆవు’ సులువుగనే గడచినది. తొమ్మిదవనాడు ‘నక్షత్రము’ కడ పిల్ల కన్నీరు పెట్టుకొని, సొరుగు మూసి వెడలిపోయినది. తప్పు నాదే, సంయుక్తాక్షరములు నేర్పకయే పరీక్ష పెట్టితిని. ఆ రాత్రి తక్కిన చీటీలన్నియు మార్చి వ్రాసితిని.

ఇరువదినాలుగవ సొరుగులో, గతించిన దాని నాయనమ్మ పేరుంచితిని. పిల్ల కూడబలుకుకొని చదివినది. పిమ్మట నాయనమ్మ తెలుగు బైబిలును తానే అలమారనుండి తీసి, మొదటి పుటలోని చేవ్రాతపై వ్రేలుంచి, “తాతయ్యా, ఇదే పేరు!” అన్నది.

ఈ యేడును అగ్గిపెట్టెలు పోగుచేయుచున్నాను.