నాలుగేళ్ళ పిన్ని

మా అమ్మకి ఇద్దరు తోబుట్టువులు. పెద్దది మా పెద్దమ్మ. చిన్నది మా పిన్ని. నాకిప్పుడు ముప్పై ఆరేళ్ళు. మా పిన్నికి నాలుగేళ్ళు. నేను పుట్టకముందూ ఆమెకి నాలుగేళ్ళే, నా కూతురు నాలుగు నిండి బడికెళ్ళాక కూడా ఆమెకి నాలుగేళ్ళే. 1977 నవంబరు 19, శనివారంనాడు దివిసీమ ఉప్పెనలో ఆమె వయసు ఆగిపోయింది.

మాది దివిసీమలో ఒక మాలపల్లె. సముద్రానికి ఆరేడు కిలోమీటర్లు. టీచర్ ట్రైనింగ్‌లో నా తోటివాళ్ళు "సముద్రం పక్కన పుట్టావా, ఎంత అదృష్టమో" అనేవాళ్ళు. వాళ్ళకి సముద్రమంటే సినిమాలో పాట. మాకు పడవా లేదు, వలా లేదు. అవి పల్లెపాలెం వాళ్ళవి. పొలం రైతులది. రొయ్యల చెరువులొచ్చాక రొయ్యా రైతులదే, మాకు కూలి మాత్రం వచ్చింది. సముద్రం నుంచి మా వాటాకి వచ్చినవి ఉప్పుగాలి, చవిటినీళ్ళు, ఆ ఒక్క సాయంత్రం. మెరక మీద ఊరు. మురుగుకాలవ పక్కన పల్లంలో మా గుడిసెలు. ఏ నీళ్ళొచ్చినా ముందు మా గడపకే.

ఆ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారని లెక్కలు చెబుతాయి. దివిలో ఏ ముసలాళ్ళనడిగినా ఆ లెక్క తక్కువంటారు. ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చిందని చదువుకున్నాను. మా అమ్మమ్మ మాత్రం "తాటిచెట్టంత లేచిందే" అనేది.

ఈ కథ వింటూనే పెరిగాను. కానీ ఒకచోటికి రాగానే ఇంట్లో అందరూ ఆగిపోయేవాళ్ళు. అమ్మ పొయ్యి దగ్గరికెళ్ళేది. పెద్దమ్మ చీపురు తీసుకునేది.

పెద్దమ్మ మా పక్కింట్లోనే ఉండేది. మొగుడొదిలేస్తే పుట్టింటికొచ్చింది. పిల్లల్లేరు. నాట్ల ముఠాకి మేస్త్రీ. పాతికమంది ఆడాళ్ళని ఎనక బెట్టుకుని తెల్లారకముందే చేలకి పోయేది. అక్కాచెల్లెళ్ళు కూరగిన్నెలు మార్చుకోని రోజు నాకు గుర్తులేదు. పోట్లాడుకోని రోజూ గుర్తులేదు. నవంబరు నెలలో ముసురు పట్టిందంటే పెద్దమ్మ మా ఇంట్లోనే పడుకునేది. నిద్రపోయేముందు తన కొంగు చివర నా మణికట్టుకి కట్టేది. "ఏందే పెద్దమ్మా ఇది, నేనేమన్నా మేకనా" అని నవ్వేదాన్ని. ఆమె నవ్వేది కాదు.

పదో తరగతి తర్వాత నన్ను రొయ్యల షెడ్డుకి పంపుదామని నాన్న అన్నప్పుడు అడ్డం పడింది పెద్దమ్మే. డిగ్రీ ఫీజులు ముఠా డబ్బుల్లోంచి కట్టింది. అవనిగడ్డ డీఎస్సీ కోచింగులకి పేరు. ఎక్కడెక్కడి పిల్లలో అక్కడికొచ్చి గదులు తీసుకుని చదువుతారు. పక్కనే పుట్టిన నేను కూడా చదవాలంది. 2014 డీఎస్సీలో ఉద్యోగమొచ్చింది. మా వంశంలో రిజిస్టర్లో వేలిముద్ర కాక సంతకం పెట్టిన మొదటి ఆడదాన్ని నేను.

2018లో ఒకరోజు ఐదో తరగతి పిల్లలకి తుఫాన్ల గురించి చెబుతుంటే ఒక పిల్లాడు లేచి, "టీచర్, ఉప్పెనలో మీ ఇంట్లో ఎవరన్నా పోయారా?" అనడిగాడు. మా తాత పోయాడని చెప్పాను. పిన్ని సంగతి చెప్పబోయి ఆగిపోయాను. ఆమె ఎలా పోయిందో నాకే తెలీదు. ఆ సాయంత్రం నేరుగా పెద్దమ్మ దగ్గరికెళ్ళి కూర్చున్నాను. కదిలేది లేదన్నాను.

అప్పుడు చెప్పింది.

మధ్యాహ్నం నుంచీ గాలి. కప్పులు లేచిపోయినయి. చీకటిపడే వేళకి పల్లెంతా ఊళ్ళోకి నడిచింది. తాత పాలేరుగా చేసే రైతు డాబా దగ్గరికి మావాళ్ళు ఐదుగురూ చేరారు. డాబా మీదికి బయటినుంచే మెట్లున్నాయి. కొందరు ఎక్కేస్తున్నారు. తాత మొదటి మెట్టు దగ్గర నిలబడిపోయాడు. పదకొండేళ్ళు ఆ ఇంటి గొడ్లచావిట్లో బతికాడు గానీ, ఆ అరుగు ఎక్కి ఎరగడు. "అయ్య పిలిస్తే ఎక్కుదాం" అన్నాడట. ఆ రైతు రావద్దనలేదు, అది కూడా చెప్పుకోవాలి. ఎవ్వరూ ఆపలేదు. ఆపాల్సిన పనే లేకపోయింది. పైనుంచి ఎవరన్నా పిలిచినా ఆ గాలిలో వినపడదు. అమ్మమ్మ పిల్లల్ని పట్టుకుని తాత మొహంకేసి చూస్తా నిలబడింది.

అంతలో నీళ్ళొచ్చినయి.

తాత మళ్ళీ కనపడలేదు. అమ్మమ్మ కొట్టుకుపోయి ముళ్ళకంపలో చిక్కుకుని బతికింది. డాబా పక్కన కొబ్బరిచెట్టు పెద్దమ్మకి చిక్కింది. అప్పటికి ఆమెకి పదమూడేళ్ళు. ఒక చెయ్యి చెట్టుకి. రెండో చేతికి తొమ్మిదేళ్ళ మా అమ్మ, నాలుగేళ్ళ పిన్ని.

"ఉన్నదొక్క చెయ్యేనే" అంది పెద్దమ్మ. "ఇద్దరు పట్టలా. ఒకదాన్ని వదిలేశా. చిన్నదాన్నొదిలేశా."

నేను చదువుకున్నదాన్ని కదా, వెంటనే విప్పి చెప్పబోయాను. "అది నీ తప్పు కాదు పెద్దమ్మా. ఆ మెట్లది. మనల్ని పల్లంలో పెట్టినోళ్ళది. తాతని ఎక్కనియ్యని భయానిది." చాలాసేపే మాట్లాడాను. మీటింగుల్లో విన్నదంతా మాట్లాడాను. ఆమె మొత్తం విని, అరచెయ్యి తెరిచి చూసుకుంది. "నీ చదువు నీకట్టా చెప్పుద్ది. నా చెయ్యి నాకు ఇట్టా చెప్పుద్ది" అంది.

నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇంకో మాట కూడా ఆరోజే తెలిసింది. చచ్చిపోయినోళ్ళ పేర్లు రాసుకోవడానికి కరణం వచ్చాడు. తాత పేరు రాశాడు. పిల్ల పేరేంటన్నాడు. "బుజ్జి" అంది అమ్మమ్మ. అదొక పేరా అన్నాడు. ఇంకో పేరు పెట్టలేదు. శవం దొరకలేదు. బడికింకా పోలేదు. ఏ కాగితం మీదా లేని పిల్ల, చచ్చిపోయినట్టు మాత్రం ఎట్టా రాస్తారు? రాయలేదు. పదివేల పైచిలుకు లెక్కలో మా పిన్ని లేదు.

కారంచేడులో 1985 జూలై 17న, చుండూరులో 1991 ఆగస్టు 6న చంపబడ్డవాళ్ళని మనం ఏటా తలుచుకుంటాం. తలుచుకోవాలి. అక్కడ గొడ్డళ్ళు కనపడ్డాయి, పట్టుకున్న చేతులు కనపడ్డాయి. ఉప్పెనలో పోయినవాళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం మనం కూడా "ప్రకృతి" అనేసి ఊరుకుంటాం. సముద్రానికి కులం లేదంటాం. నిజమే, నీళ్ళకి లేదు. మెరకకీ పల్లానికీ ఉంది. డాబాకీ గుడిసెకీ ఉంది. మెట్టు ముందు ఆగిపోయిన కాలికి ఉంది. ఈ సంకలనం చదివే చెల్లెళ్ళకీ తమ్ముళ్ళకీ నేను చెప్పదలుచుకున్నది అదే. దానికి తోడు, మా ఇంట్లో ఆ కులం చేసిన హత్యని పదమూడేళ్ళ పిల్ల తన చేతిమీద వేసుకుని నలభై అయిదేళ్ళు మోసింది.

పెద్దమ్మ 2022లో పోయింది. కరకట్ట పక్కన మా శ్మశానంలోనే పూడ్చిపెట్టాం. పెద్దదినం అయిన మర్నాడు అమ్మ, "నన్ను సముద్రానికి తీసుకుపో" అంది. నాకు ఆశ్చర్యమేసింది. మాఘ పౌర్ణమికి హంసలదీవికి ఊళ్ళకి ఊళ్ళు కదిలిపోతాయి. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఏ ఏడూ పోలేదు. ఆటో మాట్లాడుకుని పాలకాయతిప్ప మీదుగా వెళ్ళాం. ఎవరూ లేరు. అమ్మ చెప్పులు విడిచి, చీలమండ మునిగేదాకా వెళ్ళి నిలబడింది.

"అది వదల్లేదే" అంది.

"ఎవరమ్మా?"

"మా అక్క. చచ్చిందాకా తనే వదిలేశాననుకుంది. వదల్లేదు. బుజ్జిది దాని చేతిలోనే ఉంది. నేను మునిగిపోతా మునిగిపోతా దాని మోచెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ఎగబాకా. అప్పుడు జారింది పిల్ల. నేను చూశా."

"మరి ఇన్నేళ్ళూ పెద్దమ్మకి ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే అది నాకు దక్కుద్దా? నాకున్నది అదొక్కతేగా."

పక్కపక్క ఇళ్ళల్లో ఉండి, రోజూ కూర మార్చుకుంటా, ఇద్దరూ ఒకే పిల్లని చెరొక చోట దాచుకుని బతికారు. పెద్దమ్మ నన్నెందుకు చదివించిందో, అమ్మ ఆమె ఎంత తిట్టినా ఎందుకు పడిందో అప్పుడు నాకర్థమైంది. అమ్మని కావిలించుకుందామనుకున్నాను గానీ, ఆమె అప్పటికే నా మణికట్టు పట్టుకుని ఉంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు చర్మంలో దిగబడ్డాయి. వదలమనలేదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందురోజే మా బడిని పునరావాస కేంద్రం చేశారు. తాళాలు నా దగ్గరే ఉన్నాయి. రెండు గదులు తెరిచాను. ఊళ్ళో పెంకుటిళ్ళ వాళ్ళు ముందుగా వచ్చి చాపలు పరుచుకున్నారు. పొద్దుగూకాక పల్లెలోంచి ఆడాళ్ళు పిల్లల్నెత్తుకుని వచ్చారు. వచ్చి వరండాలో నిలబడ్డారు. జల్లు కొడుతోంది. లోపల చోటుంది. వాళ్ళని ఎవరూ రావద్దనలేదు.

"మేమిక్కడే ఉంటాంలే టీచరమ్మా, వాన తగ్గుద్ది" అంది ఒక పెద్దావిడ.

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు. పిలవలేదు, బతిమాలలేదు. వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించి లాక్కొచ్చాను. వెనకాల మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. మొదటి చాప మీదున్న ఊరామె నా మొహంకేసి చూసింది. తర్వాత చాప పక్కకి జరుపుకుంది. చోటిచ్చిందో, దూరం జరిగిందో నాకు తెలీదు.

పెద్దావిడ మాత్రం కూర్చుంది.